ఉద్యోగంలో చేరే ముందు ఒక గంట అక్కడ కూర్చో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విశాఖలో నీకొచ్చిన రెండు ఉద్యోగాల్లో, రుషికొండ కాల్ సెంటర్‌లో జీతం ఎక్కువ, మద్దిలపాలెంలో మీ ఇంటి నుంచి దగ్గర కూడా. గాజువాక గోదాములో లెక్కల పనికి జీతం తక్కువ, ప్రయాణం ఎక్కువ. అమ్మ రుషికొండ అంటోందని రాశావు. ఏదీ ఒప్పుకోకముందే రెండు చోట్లకీ వెళ్లి, అనుమతి అడిగి, గంటసేపు కూర్చో. ట్యూబులైటు గుయ్యిమంటోందా, ఫోను ఎన్నిసార్లు మోగింది, నీకు పని చెప్పేది ఒక్కరా నలుగురా, అన్నీ కాగితం మీద రాసుకో.

నీలాగే నాకూ ఆటిజం ఉందని యాభై రెండో ఏట తెలిసింది. అప్పటికి ఇరవై ఆరేళ్లు స్టోర్స్‌లో పనిచేశాను. సరుకు దగ్గర నిల్వ రాసే బిన్ కార్డులో అంకెకూ రిజిస్టరులో అంకెకూ తేడా వస్తే అది దొరికేదాకా నాకు ఆకలి తెలిసేది కాదు. అంత ఇష్టమైన పని. నమ్మకస్తుణ్నని నన్ను సూపర్‌వైజరును చేశారు. హాలు మధ్యలో బల్ల, రెండు ఫోన్లు, గంటకోసారి మారే ఆదేశాలు. సాయంత్రం ఇంటికొస్తే మీ అత్తయ్యతో మాట పెగిలేది కాదు. చీకటి గదిలో పడుకునేవాణ్ని. ఎనిమిది నెలలకు మానేశాను. చేతకానివాణ్నని ఏళ్ల తరబడి కుమిలిపోయాను. మనిషిని నేనే, లెక్కలూ అవే, బల్ల ఉన్న చోటు మారింది. అందుకే నిన్ను అక్కడ కూర్చోమంటున్నాను.

ఆటిజం సంగతి చెప్పాలా అని అడిగావు. ఉద్యోగం ఖాయమయ్యాక, చేరకముందు చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఆ పేరొక్కటే చెబితే వాళ్లకేమీ అర్థం కాదు. కావలసినవి రాసివ్వు: పనులు నోటితో కాకుండా రాతలో చెప్పాలి, గోడవైపు బల్ల కావాలి, వేళలు మారితే ముందురోజే తెలియజేయాలి. వీటికి పెద్ద ఖర్చేమీ ఉండదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా సరే, సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. అది చూపించమని మర్యాదగా అడుగు.

యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు ఇంకా ఆలస్యం చేయకు. ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి నమోదైతే ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగుల 4 శాతం కోటాకు నీవు అర్హుడివి. అందులో 1 శాతం ఆటిజం, మేధోవైకల్యం వంటి కొన్ని వైకల్యాలవారికి కలిపి కేటాయించారు. పోటీ ఉంటుంది, అయినా పరీక్షలు రాయి.

మధ్యాహ్నం నలుగురితో కలిసి తినకపోతే నీ పనికి లోటేమీ లేదు. నెమ్మదిగా ఒక్కడివే తిను. అమ్మ బెంగపడితే నేను మాట్లాడతాను.

గాజువాకే అనుకుంటే, చేరడానికి ముందు వారం ఆఫీసు వేళలో రెండుసార్లు బస్సులో వెళ్లిరా. ఎన్‌ఏడీ కూడలి దగ్గర హారన్ల మోత భరించలేకపోతే ఇంకాస్త ముందు బస్సు చూసుకో. మొదటిసారి నేను నీతో వస్తాను. ఏ రోజో రాయి.

మీ మామయ్య