రాకూ పాత్రలు: పిల్లల చేతికి మట్టి, పెద్దల చేతికి పటకారు

ప్రశ్న: ఇక్కడి ఒక స్టూడియోలో రాకూ గిన్నెలు (ఎర్రగా కాలుతుండగానే కొలిమిలోంచి తీసే జపాన్ తరహా మట్టిపాత్రలు) కాల్చడం చూసినప్పటి నుంచి పదకొండేళ్ల మా పాప, ఏడేళ్ల బాబు మన పెరట్లోనే చేద్దామని పట్టుబడుతున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన మా అత్తగారికి కూడా మట్టిపని మీద మనసు పడింది. గ్యాసు కొలిమి కొనవచ్చునా? పిల్లలను ఎంతవరకు దగ్గరకు రానివ్వాలి? జపాన్‌లో రాకూ గిన్నెల్లోనే టీ తాగుతారు కదా, మా గిన్నెల్లో తాగవద్దని స్టూడియోవారు ఎందుకన్నారు?
– ఒక పాఠకురాలు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: ముందుగా మీ చివరి ప్రశ్న. జపాన్‌లోని క్యోటోలో 16వ శతాబ్దం చివర, టీ వేడుకల గురువు సెన్ నో రిక్యూ అభిరుచికి తగినట్లుగా చోజిరో అనే కుమ్మరి సారె వాడకుండా చేత్తో మలిచిన గిన్నెలతో రాకూ మొదలైంది. ఆ వంశంవారు నేటికీ అక్కడ ఆ పనే చేస్తున్నారు. వారు నల్లగిన్నెను ఎర్రగా కాలుతుండగానే పటకారుతో బయటికి తీసినా, రంపపు పొట్టులో వేయరు, గాలికే చల్లారనిస్తారు. మీరు స్టూడియోలో చూసిన, వేడి గిన్నెను పొట్టులో వేసి పొగ పట్టించే పద్ధతి అమెరికాలో పుట్టింది. 1960లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పాల్ సోల్డ్‌నర్ అనే కళాకారుడు వేడి పాత్రను ఆకుల్లో వేసి చూసిన తరువాత అది వ్యాపించింది. ఈ పద్ధతిలో పాత్ర మట్టి పూర్తిగా బిగుసుకోదు కనుక నీరు చెమరుస్తుంది, గ్లేజు (కాల్చినప్పుడు కరిగి గాజులా మెరిసే పూత) పగుళ్లలో తిండి పదార్థాలు చేరి నిలిచిపోతాయి, రాగి వంటి లోహాలు కలిసిన గ్లేజుకు నిమ్మరసమో చింతపండు పులుసో తగిలితే ఆ లోహం ఆహారంలోకి దిగవచ్చు. అందువల్ల స్టూడియోవారి మాట అక్షరాలా పాటించండి.

కొలిమి ఇప్పుడే కొనవద్దని నా సలహా. కొన్నాళ్లు ఇంట్లో గిన్నెలు మలిచి, స్టూడియోలో కాల్పించుకోండి. తరువాత కొన్నా, ప్రొపేన్ గాలికన్నా బరువైనది కనుక గ్యారేజీలో గాని, పల్లపు చోట గాని పెట్టకూడదు. కంచెకు, చెట్లకు, చెక్క వరండాకు దూరంగా, చదునైన ఖాళీ జాగాలో ఉండాలి. కొలిమి లోపలి తెల్లని సిరామిక్ దూది నుంచి లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దాన్ని కదిపేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు చాలదు. టెక్సస్‌లో ఎండలు ముదిరినప్పుడు కౌంటీలు మంటలపై నిషేధం విధిస్తుంటాయి కాబట్టి, మీ కౌంటీని, అగ్నిమాపక శాఖను, కాలనీ సంఘాన్ని ముందే అడగండి.

మట్టిపనిలో మాత్రం ఇంటిల్లిపాదికీ చోటుంది. కాల్చిన మట్టి రవ్వ కలిపిన రాకూ మట్టినే కొనండి. ఆ రవ్వే హఠాత్తుగా మారే వేడిని తట్టుకునే బలాన్నిస్తుంది. మట్టి ముద్ద నడుమ బొటనవేలు దించి, తిప్పుతూ నొక్కుతూ గిన్నె చేయడం మీ బాబుకు సులువుగా వస్తుంది. అంచుల మందం అంతటా సమంగా ఉందో లేదో వేళ్లతో తడిమి చూడడంలో, పిండి కలిపి చేయి తిరిగిన మీ అత్తగారు అందరికన్నా ముందుంటారు. తడి ఆరని పచ్చిగిన్నె కొలిమిలో ఆవిరికి పగిలిపోతుంది కనుక తొందర పనికిరాదు. బాగా ఆరిన గిన్నెను సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద తొలిసారి కాల్పించి, తరువాత గ్లేజు పూయాలి. సీసం లేని, ముందే కలిపిన గ్లేజు కొనండి. పొడి గ్లేజు ధూళి పిల్లల దగ్గర లేవనీయకూడదు.

రెండవసారి కాల్చేటప్పుడు కొలిమి కంతలోంచి రక్షణ కళ్లద్దాలతో చూస్తే, గ్లేజు మొదట గరుకుగా ఉండి, బుడగలు కట్టి, బుడగలు అణిగాక నీళ్లతో తడిసినట్లు మెరుస్తుంది. సుమారు 950 డిగ్రీల దగ్గర కనిపించే ఆ మెరుపే తీయవలసిన గుర్తు. పొడుగు పటకారుతో బయటికి తీసిన తెల్ల గ్లేజు గిన్నెను కొన్ని క్షణాలు గాలిలో ఉంచితే సన్నగా టింగుటింగుమంటూ పగుళ్లు పడతాయి. అప్పుడు రంపపు పొట్టు, కాగితాలు నింపిన ఇనుప డబ్బాలో దించి మూత పెడితే పొగ ఆ పగుళ్లలోకి చొచ్చి నల్లని గీతలు పడతాయి. గ్లేజు పూయని మట్టి మొత్తం నల్లబడుతుంది. రాగి గ్లేజుకు ఆ ఆలస్యం కూడదు, వెంటనే డబ్బాలో పడాలి. ఈ తేడాను పిల్లలకు ముందే చెప్పి చూపించండి. రాకూ చూడముచ్చట అంతా ఈ కొద్ది నిమిషాల్లోనే ఉంది.

అయితే పిల్లలు దూరంగానే నిలబడాలి. నేలపై గీత గీసి, బాబును దాని వెనుక మీ అత్తగారి పక్కన కూర్చోబెట్టండి. పాప కాల్పు మొదలు కాకముందే కాగితాలు చింపి డబ్బాలు నింపవచ్చు, గడియారం చూసి సమయం చెప్పవచ్చు. పటకారు మాత్రం ఇవ్వవద్దు. ఒక పెద్దవారు గిన్నె తీస్తే, మరొకరు మూత వేయాలి. నైలాను, షిఫాను బట్టలు, వేలాడే చున్నీ, పైట కొలిమి దగ్గర ప్రమాదకరం. నిండు చేతుల నూలు బట్టలు, తోలు బూట్లు, తోలు చేతితొడుగులు, ముఖానికి కవచం ఉండాలి. పొగ గాలివాటున ఎటు పోతుందో చూసుకుని ఎదురు దిక్కున నిలబడండి, ఉబ్బసం ఉన్నవారిని ఆ దగ్గరకు రానివ్వకండి. అన్నింటికన్నా ఎక్కువగా మరిచిపోయేది డబ్బా మూత: తొందరపడి తెరిస్తే లోపలికి గాలి దూరి మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది, కనుక కనీసం పావుగంట ఆగి, ముఖం పక్కకు తిప్పి తీయండి.

చల్లారిన గిన్నెను పీచుతో తోమితే మసి పోయి రంగు బయటపడుతుంది. రాగి మెరుపు ఏళ్లు గడిచేకొద్దీ కొంత మాసిపోవచ్చు కనుక ఆ గిన్నెలను తడికి, ఎండకు దూరంగా పెట్టి, ఎండుపూలకో, తాళంచెవులకో వాడుకోండి.