కోమో సరస్సు గురించి నీ వ్యాసం చదివాక

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మూడు రోజులు ఉండి, ఇంటికొచ్చిన వారానికే ఇన్ని పేజీలు రాశావంటే నీలో రాయాలన్న ఆత్రం గట్టిగానే ఉంది. అది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు, పోగొట్టుకోకు.

అయితే మొదటి పేజీలోనే "భూతల స్వర్గం" మూడుసార్లు వచ్చింది. ఆ మాట చదివితే నా కళ్ళకు ఏమీ కనపడలేదు. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: నువ్వు ఆ ఊళ్ళన్నీ బస్సు కిటికీలోంచి చూశావు. కానీ అక్కడి విల్లాల ముఖం నీటివైపు ఉంటుంది. బండ్లు పోయే మంచి రోడ్లు రాకముందు ఆ జనానికి సరస్సే రోడ్డు. చుట్టాలైనా సరుకులైనా పడవలోనే వచ్చేవారు. సరస్సు ఒడ్డునున్న వరెన్నా ఊళ్ళో సందులన్నీ మెట్లు మెట్లుగా నీళ్ళలోకి దిగడం నువ్వే రాశావు, ఎందుకో మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న వేసుకుని ఉంటే నీ వ్యాసం పడవలో మొదలయ్యేది.

సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత ఉండేవాడు. పుట్టింది కోమోలోనే. ఈ సరస్సు ఒడ్డున తనకున్న రెండు ఇళ్ళ గురించి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. కొండరాళ్ళ మీద ఎత్తుగా నిలబడ్డ ఇంటికి ట్రాజెడీ అని, నీళ్ళ అంచున ఉన్నదానికి కామెడీ అని పేరు పెట్టుకున్నాడట. విషాద నాటకాల్లో నటులు మందపాటి అడుగున్న ఎత్తు బూట్లు వేసుకునేవారు, హాస్య నాటకాల్లో మామూలు చెప్పులు. ఆ పోలికతోనే ఆ పేర్లు. కింది ఇంట్లో పడకగదిలోంచే, దాదాపు మంచం మీద నుంచే గాలం వేయొచ్చని రాశాడు. చూశావా, అందంగా ఉందని ఒక్క మాట అనకుండానే నీళ్ళు ఎంత దగ్గరో చెప్పేశాడు. నాకు ఆ వాక్యం అంటే ప్రాణం.

నీ వ్యాసంలో గాలి లేదమ్మా. అక్కడ గాలులకు పేర్లున్నాయి. తెల్లవారుజామున కొండల వైపు నుంచి కిందికి వీచేది తివానో. ఎండెక్కి కొండలు వేడెక్కాక, మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేది బ్రేవా. తెరచాప పడవల రోజుల్లో ప్రయాణాలు ఈ రెండింటినీ చూసుకునే సాగేవి. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి అలలెత్తాయని రాశావు. బ్రేవా అన్న ఒక్క పేరు తెలిసుంటే ఆ పేరాకి ప్రాణం వచ్చేది.

బాల్బియానెల్లో విల్లా అనగానే 2018లో దీపిక, రణ్‌వీర్‌ల పెళ్ళి దగ్గర ఆగిపోయావు. మనవాళ్ళకు ఆ చోటు అలాగే తెలుసు, తప్పు లేదు. కానీ అక్కడ అంతకంటే పెద్ద కథ ఉంది. పాత ఫ్రాన్సిస్కన్ మఠం ఉన్నచోట పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో దురీని అనే కార్డినల్, అంటే క్యాథలిక్ చర్చిలో పెద్ద మతాధికారి, కట్టించుకున్న ఇల్లది. దాని ఆఖరి యజమాని గ్విడో మొన్జీనో, 1973లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి ఇటాలియన్ బృందానికి నాయకుడు. 1988లో పోతూ ఇంటిని వారసత్వ కట్టడాలు కాపాడే సంస్థకు రాసిచ్చాడు. ఆయన్ని ఆ తోటలోనే, ఒకప్పుడు మంచు దాచుకున్న గదిలో ఖననం చేశారు. మంచుకొండల కోసం బతికిన మనిషి! నేను ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. అదే తోటలో గొడుగులా కత్తిరించిన పెద్ద ఓక్ చెట్టుంది. నువ్వు ఫోటో కూడా పంపావు. దాన్ని అలా గుండ్రంగా ఉంచడానికి మనుషులు కొమ్మల్లోకెక్కి చేత్తో కత్తిరిస్తారు. నీ వ్యాసంలో ఆ మనుషులు ఒక్కరూ లేరు.

ఇంకొకటి. మిస్సొల్తీని రుచి చూశానని ఒక్క ముక్కలో తేల్చేశావే! సరస్సులో దొరికే అగోనె చేపను ఉప్పు పట్టించి, ఎండలో వేలాడదీసి, డబ్బాలో బిర్యానీ ఆకులాంటి లారెల్ ఆకులు పరుస్తూ వరసలుగా పేర్చి, పైన బరువు పెట్టి నొక్కుతారు. తినేముందు నిప్పుల మీద కాల్చి, వెనిగర్ చల్లి, మొక్కజొన్న పిండితో వండే పొలెంటాతో పెడతారు. నువ్వు ఎండుచేపల వాసన మధ్య పెరిగినదానివి. ఆ ప్లేటు ముందుకు రాగానే నీకు ఇల్లు గుర్తొచ్చిందా లేదా? వచ్చి ఉంటే రాయి. మొహమాటపడకు.

కొలతలు మాత్రం తగ్గించు. లోతు నాలుగు వందల మీటర్లకు పైనే, నిజమే. దానికన్నా, నీళ్ళ పైభాగం సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తున ఉంటే అడుగు సముద్రమట్టానికి అంతే కిందికి ఉందని చెప్పు. పాఠకుడు అక్కడ ఆగుతాడు. ఆ గొయ్యి హిమానీనదం తొలిచిందని పక్కనే ఒక వాక్యం చాలు.

ఈసారి బెల్లాజియో నుంచి వరెన్నాకి వచ్చిన ఆ పావుగంట ఫెర్రీతో మొదలుపెట్టి చూడు. రేవు దగ్గర పడుతుండగా ఒకతను తాడు చుట్ట విప్పి విసిరాడని ఫోన్లో చెప్పావు గుర్తుందా? తాడు తడిసి బరువెక్కి ఉందన్నావు, రెండోసారికి గానీ గూటానికి పడలేదన్నావు. ఆ మాట వ్యాసంలో ఎక్కడా లేదు. తిరగరాసి పంపు, నెలాఖరులోగా చదువుతాను.

ఆశీస్సులతో...