ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వార్తలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగం కొత్త డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌తో (హీలియం మిశ్రమంతో చల్లబరిచే యంత్రం) 10 మిల్లీకెల్విన్‌కు, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు కెల్విన్‌లో వందో వంతు దూరానికి, చేరిందట. అంతరిక్షం కంటే చల్లన అని వార్తాలేఖలో గొప్పగా రాశారు. నిజంగా అంత ఘనకార్యమా?

జవాబు: రాసినదాంట్లో అబద్ధం లేదు. అంతరిక్షమంతా పరుచుకున్న మైక్రోవేవ్ వికిరణం ఉష్ణోగ్రత 2.7 కెల్విన్. 10 మిల్లీకెల్విన్ అంటే అందులో 270వ వంతు. కానీ ఈ పద్ధతిని భౌతిక శాస్త్రవేత్త హైంజ్ లండన్ సూచించింది 1951లో. 1960ల నడుమ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో తొలి యంత్రం నడిచింది. ఇప్పుడు 10 మిల్లీకెల్విన్ ఇచ్చే యంత్రం ఆర్డరిస్తే వస్తుంది. యంత్రం చల్లబడింది సరే, లోపల పెట్టిన నమూనా చల్లబడిందా అని అడగండి. అసలు కష్టం అక్కడుంది.

యంత్రం పని ఇలా సాగుతుంది. పల్స్ ట్యూబ్ కూలర్ ముందుగా లోపలి భాగాలను 4 కెల్విన్ దాకా దింపుతుంది. తర్వాత హీలియంలోని రెండు రకాలు, తేలికైన హీలియం-3, బరువైన హీలియం-4, కలిపిన మిశ్రమాన్ని నింపి తిప్పుతారు. సుమారు 0.87 కెల్విన్ కిందికి వెళ్తే మిశ్రమం రెండు పొరలుగా విడిపోతుంది. పైన తేలేది దాదాపు అచ్చమైన హీలియం-3. కింది పొర హీలియం-4దే అయినా, ఎంత చల్లబరచినా అందులో 6.6 శాతం దాకా హీలియం-3 కరిగే ఉంటుంది. యంత్రం బతుకంతా ఆ 6.6 మీదే. ఈ కింది పొర స్టిల్ అనే గదితో కలిసి ఉంటుంది. స్టిల్‌ను 0.7 కెల్విన్ దగ్గర ఉంచి పంపుతో లాగితే ఆవిరిగా బయటికొచ్చేది ఎక్కువగా హీలియం-3యే. ఆ లోటు పూడ్చడానికి పైపొరలోని హీలియం-3 కిందికి దిగుతుంది, దిగుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. లాగిన వాయువు మళ్లీ చల్లబడి లోపలికే వస్తుంది.

ఈ పీల్చుకునే శక్తి ఉష్ణోగ్రత వర్గం (స్క్వేర్)తో పాటు పడిపోతుంది. 100 మిల్లీకెల్విన్ దగ్గర ఉన్నదాంట్లో 20 దగ్గర మిగిలేది 25వ వంతు, అదీ కాగితం మీద. అందుకే గది నుంచి లోపలికి వెళ్లే ప్రతి తీగనూ ఒక్కో అంతస్తులో రాగి పలకకు బిగించి చల్లబరచుకుంటూ రావాలి. ఒక్క చోట బిగింపు వదులైనా వేడి నేరుగా అడుక్కి జారుతుంది. తీగల వెంట వచ్చే రేడియో తరంగాల రొద ఇంకో బెడద. థర్మామీటర్ చూపేది పలక ఉష్ణోగ్రత. ఫిల్టర్లు సరిగా లేకపోతే పలక 10 దగ్గరున్నా నమూనాలోని ఎలక్ట్రాన్లు 50, 100 దగ్గరే ఆగిపోవడం మామూలే. కాబట్టి డిపార్ట్‌మెంట్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఎంత, దేంతో కొలిచారు?

నెలల తరబడి ఆపకుండా నడిపారని రాస్తే మాత్రం మెచ్చుకోండి. ఎక్కడో సన్నటి లీకు గుండా గాలి చేరితే అది వెంట్రుకంత గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. వాయువు లోపలికి తిరిగొచ్చే వైపు పీడనం రోజురోజుకీ కాస్త కాస్త పెరగడమే దీనికి తొలి గుర్తు. ద్రవ నైట్రోజన్ ట్రాప్ గాలిని పట్టేస్తుంది కానీ 77 కెల్విన్ దగ్గర హైడ్రోజన్ దానికి చిక్కదు. పూర్తిగా మూసుకుపోతే మిశ్రమాన్ని ట్యాంకుల్లోకి లాగేసి, మొత్తం గది ఉష్ణోగ్రతకు తెచ్చి, శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ హడావుడిలో హీలియం-3 జారిపోకూడదు. అది ముఖ్యంగా ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) క్షయం వల్ల వచ్చేది, బజారులో సులువుగా దొరికే సరుకు కాదు.

ప్రశ్న: మా లెక్చరర్ పేరు వేల మంది రచయితలున్న పేపర్లో ఉంది. దాన్ని ఆయన విజయంగా లెక్కించవచ్చా?

జవాబు: లెక్కించవచ్చు, కానీ ఎంత అన్నది పేపర్ చూస్తే తెలియదు. హిగ్స్ కణం ద్రవ్యరాశిపై 2015లో సెర్న్ ప్రయోగశాలలోని అట్లాస్, సీఎంఎస్ డిటెక్టర్ బృందాలు కలిసి వేసిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకూ సంస్థలకే సరిపోయాయి. ఇలాంటి జాబితాలు అక్షర క్రమంలో ఉంటాయి, పేరు ముందున్నా వెనకున్నా అర్థం లేదు. డిటెక్టర్‌లో ఏ భాగం చేశారు, ఏ విశ్లేషణ రాశారు, మొత్తం బృందం తరఫున సదస్సులో ఫలితాన్ని ఎవరు చెప్పారు? వార్తలో వీటికి జవాబు ఉంటే విలువ. లేకపోతే అది సభ్యత్వ ప్రకటనే.

ప్రశ్న: 3 సిగ్మా ఫలితం వచ్చిందని ప్రకటించారు. అంటే 99.7 శాతం నిజమనేగా?

జవాబు: కాదు. చాలా వార్తలు బోల్తాపడేది ఇక్కడే. సిగ్మా అంటే ఫలితం యాదృచ్ఛిక ఒడిదుడుకులకు ఎంత దూరంగా ఉందో చెప్పే కొలత. కొత్త విషయం ఏమీ లేదనుకుంటే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత పెద్ద ఎగుడు కనిపించే అవకాశం 740లో ఒకటి అని మాత్రమే దానర్థం. కణభౌతికంలో ఆవిష్కరణ అనడానికి 5 సిగ్మా కావాలి, అంటే దాదాపు 35 లక్షల్లో ఒకటి. అంత పట్టు ఎందుకంటే, వందల చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట 740లో ఒకటి రాక మానదు. 2015 డిసెంబర్‌లో అట్లాస్, సీఎంఎస్ డేటాలో 750 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తి దగ్గర ఫోటాన్ జంటల్లో అలాంటి ఎగుడే కనిపించింది. అక్కడికక్కడే చూస్తే 3.9 సిగ్మా దాకా ఉంది, వెతికిన మేరంతా లెక్కేస్తే 2 చిల్లర. మరుసటి ఆగస్టుకు, ఎక్కువ డేటాతో, అది మాయమైంది. ఈలోపు దానిపై సిద్ధాంత పత్రాలు మాత్రం వందల్లో వచ్చాయి.

పరికరంలోని లోపాన్ని సిగ్మా పూర్తిగా పట్టలేదు. 2011లో న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్ల ముందు చేరాయన్న ఒపెరా ప్రయోగం ఫలితం 6 సిగ్మా. ప్రధాన కారణం సరిగా బిగించని ఆప్టికల్ ఫైబర్ కేబుల్.

ప్రశ్న: ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో పెట్టిన పేపర్‌ను విభాగం విజయాల్లో వేయవచ్చా?

జవాబు: వేయండి, కానీ స్థితి రాయండి: ప్రీప్రింట్ (సమీక్షకు ముందు పెట్టిన ప్రతి), సమీక్షలో ఉంది, అంగీకరించారు, ప్రచురించారు. నాలుగూ వేరు. ‘పంపించాం’ అన్నది అచ్చులో ‘ప్రచురించాం’గా మారడం తరచూ జరిగేదే. అచ్చుకు వెళ్లే ముందు రచయితల్లో ఒకరికి ఆ వాక్యం చూపించండి.