ఆ షట్టర్ సంగతి

ఒరేయ్ చిన్నా,

భీమిలి వైపు గోడౌన్ షెడ్డు వేస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంబరపడ్డాను. రేకుల పని చవకలో కుదిరిందని మురిసిపోతున్నావని కూడా చెప్పింది, దాంతో రాత్రి నిద్ర పట్టలేదు.

ఉప్పుగాలికి మామూలు జీఐ రేకు, అదే జింకు పూత ఇనప రేకు, తొందరగా తుప్పు పడుతుంది, అల్యూమినియం-జింకు పూత ఉండే గాల్వల్యూమ్ రేకు తీసుకో. సిమెంటు రేకు ఊసే ఎత్తకు. చూరు బయటికి ఎక్కువ వదలొద్దు.

ఇక నా ఘనకార్యం విను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. పొద్దుట్నుంచి గాలి ఒకవైపు నుంచే బాదుతోంది, నా షెడ్డు మాత్రం నిలబడింది. మధ్యాహ్నానికి ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. గండం గడిచిందనుకుని, సరుకు తడిసిందేమో చూద్దామని వెనక షట్టర్ ఎత్తాను. తుఫాను కన్ను, అదే నడిమధ్య గాలి ఆగే చోటు, సరిగ్గా మన నెత్తి మీదే ఉందని నాకేం తెలుసు! కాసేపటికి గాలి అటు తిరిగి ఆ షట్టర్ మీదకే వచ్చింది, దించబోతే పట్టాల్లోంచి ఊడిపోయింది. లోపలికి దూరిన గాలి రేకుల్ని కిందనుంచి తన్నుతుంటే పైనుంచి పోయే గాలి లాగేసింది. ముందు మూల లేచింది, ఆ వెనకే వరసంతా. నేను కాటా పక్కన నక్కి కూర్చున్నాను. షట్టర్ ఎత్తింది నేనేనని మీ అత్తయ్యకి ఇప్పటికీ తెలీదు, నువ్వూ నోరు జారకు.

తర్వాత చూస్తే రేకుల్ని పట్టి ఉంచే జె-హుక్కులు, ఆ కొక్కేలు, నిటారుగా సాగిపోయి ఉన్నాయి. మూలల్లో, అంచుల్లో లాగుడు ఎక్కువరా, అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి. నేను అంతటా ఒకే దూరం వేయించాను, డబ్బు మిగిలిందని నీలాగే మురిసిపోయాను. షట్టర్లు గాలికి పట్టాల్లోంచి ఊడకుండా విండ్ లాక్ పెట్టించు. కట్టడాల మీద పడే బరువుల లెక్కకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875. దాని ప్రకారం విశాఖకి లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తీరానికి 60 కిలోమీటర్ల లోపు పారిశ్రామిక కట్టడమైతే దాన్ని 1.15తో హెచ్చించాలి. నీ ఇంజనీరు ఆ లెక్క వేశాడా? కాగితం చూపించమను, నోటిమాట నమ్మకు. రేకుల్ని మోసే ఇనప చట్రం, ఆ ట్రస్‌ని పట్టే బోల్టుల దాకా ఆ లెక్కే నడవాలి.

ఇంకొకటి, లోపల ఒక మూల చిన్న స్లాబు గది కట్టించు. వాచ్‌మన్ కోసమని చెప్పుకో. తుఫాను రోజు ఇంట్లో ఉండరా అంటే వింటావా, మేనమామ పోలికాయె. ఆ గది ఖర్చు నేనిస్తాను, మీ అమ్మకి చెప్పకు.

మావయ్య