సమాధానం: ఫైనా నిజంగా ఉందా, మేబెల్ ఊహా?

ఇయోవిన్ ఐవీ నవల 'ది స్నో చైల్డ్' సగం చదివాక "అడవిలోంచి వచ్చే ఈ ఫైనా అనే పిల్ల నిజమా, పిల్లల్లేని మేబెల్ బెంగా?" అని అడిగారు కదండీ. ముందు కొటేషన్ గుర్తులు చూడండి. ఫైనా ఎదుట ఉన్నప్పుడు నవలలో సంభాషణకు ఆ గుర్తులుండవు. మిగతా చోట్ల మామూలుగానే ఉంటాయి. అచ్చుతప్పు కాదు, ఐవీ కావాలనే అలా రాసింది. ఈబుక్‌లో ఫైనా పేరు వెతికి ఆ పేజీలు వరసగా చదవండి, తేడా తెలిసిపోతుంది.

తర్వాత మేబెల్ భర్త జాక్ వైపు నుంచి సాగే అధ్యాయాలు మళ్లీ చూడండి. పిల్ల తండ్రి శవాన్ని పూడ్చింది జాకే. ఆ మాట చాన్నాళ్లు భార్యకు చెప్పడు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. మేబెల్‌కు తెలిసిందే మనకూ తెలిసినదనుకుని, పొరుగింటి ఎస్తర్‌లాగా "చలికాలపు ఒంటరితనం, అంతే" అని తేల్చేస్తారు. ఊహకు తండ్రి శవం ఉండదు కదా!

అలాగని మాయను కొట్టిపారేయలేం. జాక్, మేబెల్ చేసిన మంచుబొమ్మ కూలిన చోటి నుంచి అడవిలోకి వెళ్లిన అడుగులే ఉన్నాయి, వచ్చినవి లేవు. 1920ల అలాస్కా సేద్యపు కష్టం ఎంత నిజమో ఇదీ అంతే నిజమన్నట్టు నడుస్తుంది కథ. రెంటిలో ఒకటి ఎంచుకోవాలని పట్టుబట్టకండి. మేబెల్ దగ్గరున్న స్నెగూరచ్క (మంచుపిల్ల గురించిన రష్యన్ జానపద కథ) ముగింపు మాత్రం ఇప్పుడే వెతక్కండి, మిగతా సగం చప్పబడుతుంది.