మోర్మన్ మిషనరీ కుర్రాళ్లు ఇంటికి దూరంగా ఎలా బతుకుతారు?

మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఓ క్రైస్తవ శాఖవాళ్లు. తమ మతం గురించి చెప్పడానికి తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్లతో జంటగా ఇళ్ల తలుపులు తడుతూ తిరిగే ఈ కుర్రాళ్లకు జీతం ఉండదు. ఖర్చు చాలావరకు వాళ్లూ, ఇంట్లోవాళ్లూ పెట్టుకోవాల్సిందే. అబ్బాయిలు 18 ఏళ్లకే వెళ్లొచ్చు, సాధారణంగా రెండేళ్లు ఉంటారు. అమ్మాయిలకు ఏడాదిన్నర. ఏ దేశానికి పంపాలో చర్చి పెద్దలే నిర్ణయిస్తారు. భాష రానివాళ్లకు అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవో లాంటి శిక్షణ కేంద్రాల్లో కొన్ని వారాలు నేర్పిస్తారు.

నన్నడిగితే, ఎవరో మొహం మీదే తలుపేయడం కన్నా పెద్ద కష్టం కాసేపు ఒంటరిగా ఉండే వీల్లేకపోవడం. జంటలో తోడు ఎవరన్నది మిషన్ అధ్యక్షుడి ఇష్టం, అంటే ఆ ప్రాంతంలో మిషనరీలను చూసుకునే పెద్ద. ఉండే ఇల్లు ఒకటే, వండుకునేది కలిసే, వీధిలోకి వెళ్లినా ఇద్దరూ వెళ్లాలి. ఒకరికొకరు పడకపోయినా బదిలీ వచ్చేదాకా సర్దుకుపోవాలి. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి అది మామూలు టెన్షన్ కాదు.

ఇంటి బెంగ సంగతి కొంత మెరుగైంది. ఒకప్పుడు ఇంటికి ఫోన్ అంటే క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే. మిగతా రోజుల్లో ఉత్తరాలు, ఈమెయిళ్లే. అది మరీ కఠినమైన పద్ధతి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి, బట్టలు ఉతుక్కుని సరుకులు తెచ్చుకునే రోజున, అమ్మానాన్నలతో వీడియో కాల్‌లో మాట్లాడుకోనిస్తున్నారు.