టెస్టులన్నీ నార్మల్.. అయినా బాబుకి రోజూ కడుపునొప్పి ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. మావారికి అల్లూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. బాబుకి ఏడేళ్లు, పాపకి పది నెలలు. మూడు నెలలుగా బాబు పొద్దున బడికెళ్లే ముందు, మళ్లీ సాయంత్రం కడుపునొప్పి అంటున్నాడు. నొప్పి అన్నప్పుడల్లా మిషన్ ఆపి, వాము నీళ్లు తాగించి పక్కన కూర్చుంటున్నా. రక్తం, మూత్రం, స్కానింగ్ అన్నీ నార్మల్. మొన్న నా ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచాడు. వాళ్ల నాన్న 'నాటకాలు' అని కసురుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: నాటకం అనొద్దని ముందు మీవారికి చెప్పండమ్మా. పేగులకూ మెదడుకూ నరాలతో నేరుగా సంబంధం ఉంది. టెన్షన్ పడితే పిల్లలకు కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది, స్కానింగ్‌లో మాత్రం ఏమీ కనపడదు. విరేచనం రోజూ సాఫీగా అవుతోందా, బడిలో బాత్‌రూముకి వెళ్లకుండా ఆపుకుంటున్నాడా, అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది కూడా ఒకసారి కనుక్కోండి.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఆ బియ్యం డబ్బా. చేతికి ఫోన్ దొరికితే గేమ్ ఆడుకోకుండా దాచిపెట్టాడంటే, అది కనపడకపోతే అమ్మ తనవైపు చూస్తుందని వాడి లెక్క అయ్యుండొచ్చు. నాకైతే వాడి మీద కోపం రాలేదు.

చెల్లి పుట్టింది, మీకు కుట్టుపని, నాన్న చెరువు మీద. ఇంట్లో మిషన్ ఎప్పుడు ఆగుతోంది? వాడు నొప్పి అన్నప్పుడు. అంటే నొప్పి వస్తేనే అమ్మ పూర్తిగా దొరుకుతోంది. వాడు కావాలని చేయకపోయినా ఒంటికి అది అలవాటవుతుంది. దీన్ని తిరగేయాలి. నొప్పి లేనప్పుడు, రోజూ ఒకే వేళకి, పదిహేను నిమిషాలు వాడికి ఇవ్వండి. పాపని ఇంట్లో ఇంకెవరైనా ఎత్తుకోవాలి, లేదా పాప నిద్రపోయే వేళ చూసుకోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఏం ఆడాలో వాడే చెప్తాడు, మీరు వెనక నడవాలి. 'ఎర్ర కారు ముందు పెట్టావే' అని వాడు చేస్తున్నది పైకి అంటే చాలు. మన అమ్మలకి కష్టమంతా ఇక్కడే. రెండు నిమిషాలు కాకముందే 'ఏదీ, ఏడో ఎక్కం చెప్పు' అని నోటిదాకా వస్తుంది. ఎక్కాలు, మార్కులు, చేతిరాత, ఏవీ ఆ పదిహేను నిమిషాల్లోకి రాకూడదు. ఆ రోజు అల్లరి చేశాడని శిక్షగా ఆ ఆట మానేయడం కూడా తప్పే.

నొప్పి అన్నప్పుడు మాత్రం కసరకండి, కంగారూ పడకండి. పొట్ట మీద చెయ్యేసి 'నొప్పిగా ఉందా, తగ్గుతుందిలే' అని బడికి పంపండి. బడి మాన్పిస్తే నొప్పి ముదురుతుంది. మొదటి వారం వాడు నొప్పి అని ఇంకా ఎక్కువ గోల చేయొచ్చు కూడా, తట్టుకోండి.

మీవారి సంగతి. నాలుగు పూటలా మేత, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతుందన్న భయం, మధ్యలో వాట్సాప్‌లో కౌంట్ రేట్లు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధరలు. రోజూ ఇంటిపట్టున ఉండమంటే కుదరదు. ఆదివారం బాబుని చెరువు దగ్గరికి తీసుకెళ్లి, చెక్ ట్రే (మేత వేసి నీళ్లలోకి దించే పళ్లెం) పైకి లాగినప్పుడు మేత మిగిలిందో లేదో వాడినే చూసి చెప్పమనండి. ఆ గంటసేపు ఫోన్‌లో కౌంట్ రేట్లు చూడటం ఆపమనండి. గట్టు మీద కరెంటు తీగలుంటాయి, నీళ్లు లోతు, చెయ్యి మాత్రం వదలొద్దు.

పది నెలల పాపకీ ఇదే వర్తిస్తుంది. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే సైకాలజిస్టు, తల్లుల్ని రెండు మూడు నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో బిడ్డ ముందు కూర్చోమన్నారు. పసిపిల్లలు నవ్వించబోయి, చేతులు చాచి, చివరికి ఏడుపందుకున్నారు. ఫోన్ చూస్తున్నప్పుడు మన ముఖం దాదాపు అలాగే ఉంటుంది.

బరువు తగ్గుతున్నా, నొప్పితో రాత్రి నిద్రలేస్తున్నా, ఆకుపచ్చ వాంతులు, విరేచనంలో రక్తం, జ్వరం ఉన్నా, కుడివైపు కింద నొప్పి అన్నా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. ఇవేవీ లేకుండా ఆరు వారాల్లో మార్పు రాకపోతే పిల్లల సైకాలజిస్టును కలవాలి. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.